కామన్ యాప్‌లో కన్సల్టెన్సీ వాళ్లు లేనివి రాసేశారు: నిజంగా ఎవరూ చెక్ చేయరా?

మణికొండ_మేనమామ
మా మేనకోడలు హైదరాబాద్‌లో ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. అమెరికాలో బీఎస్‌కి కామన్ యాప్‌లో (చాలా కాలేజీలకి కలిపి ఒకే ఆన్‌లైన్ అప్లికేషన్) అప్లై చేస్తోంది. చదువు కాకుండా చేసే పనులు రాసే యాక్టివిటీస్ సెక్షన్ కన్సల్టెన్సీ వాళ్లే నింపారు. ఎన్జీవో ఫౌండర్: వారానికి 12 గంటలు, ఏడాదికి 50 వారాలు. రీసెర్చ్, పేటెంట్: 10 గంటలు. స్టేట్ లెవెల్ బ్యాడ్మింటన్: 15. కూచిపూడి: 6. కోడింగ్ క్లబ్ ప్రెసిడెంట్: 8.

వీటిలో కూచిపూడి నిజం, ఏడేళ్లుగా నేర్చుకుంటోంది. బ్యాడ్మింటన్ టెన్త్‌లో జిల్లా సెలక్షన్స్ దాకా వెళ్లి ఆగిపోయింది. ఎన్జీవో అంటే, అపార్ట్‌మెంట్ పిల్లలు కలిసి రెండు వేసవుల్లో పాత పుస్తకాలు పోగేసి సర్కారు బడికి ఇచ్చారు, అంతే. మిగతా రెండూ వాళ్ల సృష్టి. "ఎవరూ చూడరు సార్, అందరూ ఇలాగే రాస్తారు" అంటున్నారు. ఒక కాలేజీకి సబ్మిట్ కూడా అయిపోయింది. ఇప్పుడు ఏం చేయాలి?

అరుణ_కౌన్సెలింగ్
ముందు ఆ గంటలు కూడండి. 12, 10, 15, 6, 8 కలిపితే వారానికి 51. కార్పొరేట్ కాలేజీ రోజుకి పది గంటల చొప్పున ఆరు రోజులు, అంటే 60. నిద్ర రోజుకి ఏడు గంటలే అనుకున్నా 49. మొత్తం 160. వారంలో ఉన్నవి 168. తిండి, స్నానం, ప్రయాణం, వీక్లీ టెస్టుల చదువు అన్నీ మిగిలిన ఎనిమిది గంటల్లోనే అయిపోవాలి. ఇది పట్టుకోవడానికి ఎవరూ హైదరాబాద్‌కి ఫోన్ చేయక్కర్లేదు. అప్లికేషన్లు చాలా కాలేజీల్లో ప్రాంతాల వారీగా పంచుకుని చదువుతారు. మన జూనియర్ కాలేజీల టైంటేబుల్ ఎలా ఉంటుందో ఇండియా ఫైళ్లు చూసేవాళ్లకి బాగా తెలుసు.

గోదారి_గట్టు
మరీ భయపెట్టకండి. వేలల్లో వచ్చే అప్లికేషన్లలో ప్రతి లైనూ వెరిఫై చేసే తీరిక ఏ కాలేజీకీ లేదు. గంటలు కాస్త తగ్గిస్తే చాలు.

పెన్సిల్వేనియా_ప్రసాద్
గోదారి గారూ, ప్రతి లైనూ వెరిఫై చేయరన్న మాట నిజమే. కానీ పొంతన చూస్తారు. ఫౌండర్ అని లిస్టులో ఉండి, లెక్చరర్ ఇచ్చిన సిఫార్సు లెటర్‌లో, ఎస్సేలో, ఇంటర్వ్యూలో ఆ ఊసే లేకపోతే అనుమానం అక్కడే మొదలవుతుంది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా అయితే ఏటా కొందరిని ర్యాండమ్‌గా ఎంచి, రాసిన వాటికి రుజువు అడుగుతుంది. గడువులోగా పంపకపోతే అప్లికేషన్ రద్దు.

పైగా ఇందులో కొన్ని నెట్‌లోనే తేలిపోతాయి. మన పేటెంట్ ఆఫీసు వెబ్‌సైట్లో ఇన్‌పాస్ అనే సెర్చ్ ఉంది, ఎవరైనా చూడొచ్చు. ప్రొవిజనల్ ఫైలింగ్‌నీ (పేటెంట్ కోసం పెట్టే తొలి దరఖాస్తు), డిజైన్ రిజిస్ట్రేషన్‌నీ (వస్తువు రూపానికి మాత్రమే) పేటెంట్ అని రాయడం మన ప్యాకేజీల్లో బాగా నలిగిన ఎత్తు. ఎన్జీవో సంగతి చెప్పాలంటే, సెక్షన్ 8 కంపెనీలో (లాభం కోసం కాకుండా సేవ కోసం రిజిస్టర్ చేసే కంపెనీ) మైనర్ డైరెక్టర్ కాలేరు. కాగితాలన్నీ నాన్న పేరు మీద ఉంటే పాప ఫౌండర్ ఎలా అవుతుంది? "ఫ్రెండ్స్‌తో కలిసి మొదలుపెట్టాం" అనడానికి ఏ రిజిస్ట్రేషనూ అక్కర్లేదు, అదే రాయొచ్చు.

సబ్మిట్ చేసే ముందు సంతకం పేజీ ఒకటి వస్తుంది. అబద్ధమని తేలితే అడ్మిషన్ రద్దు చేయొచ్చు, చేరాక తేలితే తీసేయొచ్చు, డిగ్రీ ఇచ్చాక తేలితే డిగ్రీనే వెనక్కి తీసుకోవచ్చు అని అందులో ఉంటుంది. టైప్ చేసే పేరు పిల్లది, కన్సల్టెన్సీది కాదు. కాలేజీ నుంచి తీసేస్తే సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుండే అమెరికా ప్రభుత్వ సిస్టమ్) రికార్డు పోతుంది, దాంతో ఎఫ్-1 స్టూడెంట్ స్టేటస్ కూడా. అమెరికాలోని లీహై యూనివర్సిటీలో మనదేశం కుర్రాడొకడు 2023లో దొంగ కాగితాలతో చేరాడు. అతను రెడిట్‌లో పేరు లేకుండా రాసుకున్న పోస్టు పట్టుకుని ఆరా తీశారు. 2024లో కేసయింది, ఇండియాకి తిరిగొచ్చేశాడు. అక్కడ మార్కులతో సహా అన్నీ ఫోర్జరీ, మీ పాప విషయం అంత దూరం పోలేదు. కానీ బయటపడడానికి అడ్మిషన్ ఆఫీసే కారణం కానక్కర్లేదు, ఈర్ష్య పడిన క్లాస్‌మేట్ మెయిలు ఒక్కటి చాలు.

అరుణ_కౌన్సెలింగ్
ఇక దిద్దే పని. యాక్టివిటీస్ సెక్షన్లో ఉన్న పది స్లాట్లూ నింపాలన్న రూలేం లేదు. ఎంఐటీ తన సొంత ఫారంలో అడిగేదే నాలుగు. కామన్ యాప్‌లో ఒక్కో యాక్టివిటీకి హోదా రాయడానికి 50 అక్షరాలు, వివరానికి 150.

రీసెర్చ్, పేటెంట్, కోడింగ్ క్లబ్ తీసేయండి. బ్యాడ్మింటన్‌కి 9, 10 తరగతుల టిక్కులు మాత్రమే ఉంచి, "జిల్లా సెలక్షన్స్‌లో ఆడింది" అని రాయండి. పుస్తకాల పనికి వారానికి 10 గంటలు, ఏడాదికి 2 వారాలు అని పెట్టొచ్చు, తప్పేం లేదు. ఎన్ని పుస్తకాలు, ఏ బడికి, తను చేసిందేంటి అన్నవి వివరంలో పడాలి. "సమాజసేవ పట్ల మక్కువ" లాంటి మాటలకి ఆ 150లో చోటు దండగ. కూచిపూడిని మొదటి స్థానంలో పెట్టండి. టిక్కులు తొమ్మిదో తరగతి నుంచే ఉంటాయి కాబట్టి ఏడేళ్ల మాట వివరంలో రాయాలి. గంటల దగ్గర క్లాసు, ఇంట్లో సాధన రెండూ కూడండి. పరీక్షల నెలల్లో మానేస్తే ఆ వారాలు తీసేయండి.

మనవాళ్లు వదిలేసేది ఇంకొకటుంది. లిస్టులో "ఫ్యామిలీ రెస్పాన్సిబిలిటీస్" అని ఒక రకం ఉంటుంది. సాయంత్రాలు కిరాణా కొట్లో కూర్చోవడం, మంచంలో ఉన్న నాయనమ్మకి మందులు, అన్నం చూడటం, తమ్ముడికి లెక్కలు చెప్పడం, ఏది ఉన్నా రాయొచ్చు. ఇంటిపనే కదా అని సిగ్గుపడి వదిలేసి, దాని బదులు దొంగ ఎన్జీవో పెడతారు!

సబ్మిట్ అయిపోయిన కాలేజీకి కామన్ యాప్‌లో మార్చలేరు. ఇక్కడ దిద్దింది మిగతా కాలేజీలకే వెళ్తుంది. ఆ కాలేజీకి పాప తన మెయిల్ నుంచే, ఆ కాలేజీ పోర్టల్‌లో అప్‌డేట్‌కి చోటుంటే అక్కడ కూడా, ఏ లైను తప్పో, సరైనదేంటో ఐదారు వాక్యాల్లో పంపాలి. సంజాయిషీలు, కన్సల్టెన్సీ మీద ఫిర్యాదులు అందులో వద్దు.

మణికొండ_మేనమామ
థాంక్సండీ. లాగిన్ ఇంకా కన్సల్టెన్సీ దగ్గరే ఉంది. సిఫార్సు లెటర్లు కూడా వాళ్లే "మేనేజ్" చేస్తామన్నారు.

పెన్సిల్వేనియా_ప్రసాద్
అయితే అసలు ప్రమాదం యాక్టివిటీస్‌లో లేదు, అక్కడుంది. ఈ రోజే పాస్‌వర్డ్, రికవరీ మెయిల్, ఫోన్ నంబరు మూడూ మార్చండి. తర్వాత రికమెండర్స్ పేజీలో ఏ మెయిల్ ఐడీలకి ఇన్విటేషన్ వెళ్లిందో చూడండి. లెక్చరర్ పేరు పెట్టి కన్సల్టెన్సీ వాళ్లు తెరిచిన జీమెయిల్ ఐడీ కనిపిస్తే అది ఫోర్జరీ కిందికి వస్తుంది, గంటలు ఎక్కువ రాయడంతో పోల్చదగ్గది కాదు. అలాంటి లెటర్ ఇంకా సబ్మిట్ కాకపోతే ఆ పేరు తీసేసి, లెక్చరర్‌ని స్వయంగా అడిగి, కాలేజీ డొమైన్ మెయిల్ ఉంటే దానికే పంపండి. వెళ్లిపోయి ఉంటే ఆ సంగతి కూడా పైన చెప్పిన మెయిల్లోనే తెలియజేయాలి. ఇకపై ఏ కాలేజీకి సబ్మిట్ చేసినా ముందు వచ్చే పీడీఎఫ్ ప్రివ్యూని పాప కూర్చుని పూర్తిగా చదవాలి.