తామరాకును చూసి ప్లేటు చేస్తున్నా, వేడి సాంబారుకి ఓడిపోయింది

ప్రశ్న:
అందరికీ నమస్కారం. బీటెక్ ఆఖరి సంవత్సరం, మెకానికల్. ప్లాస్టిక్ పొర లేని పేపర్ ప్లేటు నా ప్రాజెక్టు. తామరాకు మీద నీటిబొట్టు నిలవదు కదా, ఆ గరుకుదనాన్ని అచ్చుతో కాగితం మీదికి తెచ్చి పైన పల్చగా మైనం పూశాను. చన్నీళ్లు ముత్యాల్లా జారిపోయాయి, వేడి సాంబారు పోస్తే మాత్రం ఐదు నిమిషాల్లో అడుగంతా తడిసిపోయింది. రివ్యూకి నెలే ఉంది, టెన్షన్‌గా ఉంది. ఎక్కడ తప్పాను? ప్రకృతిని చూసి చేసింది కాబట్టి పర్యావరణానికి మంచిదని రిపోర్టులో రాశాను, అదైనా సరేనా?

జవాబు 1:
తమ్ముడూ, నీ అచ్చులో తప్పు లేదు. అసలు తామరాకు కూడా అంతే, బాగా కాచిన నీళ్లు పోసి చూడు, అంటుకుంటాయి. నేను పెయింట్ల పనిలో ఉన్నాను కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. జర్మనీ వృక్షశాస్త్రవేత్త విల్‌హెల్మ్ బార్ట్‌లాట్ 1970లలో ఆకులను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూస్తూ, నున్నటి ఆకుల మీద దుమ్ముంటే గరుకు ఆకులు శుభ్రంగా ఉండటం గమనించారు. తామరాకు మీద సన్నని బుడిపెలు, వాటి మీద మైనం, సందుల్లో గాలి. బొట్టు ఆ బుడిపెల కొసల మీదే నిలబడి దొర్లిపోతూ దుమ్మును కూడా తీసుకుపోతుంది. ఆ సూత్రంతోనే 1999లో లోటుసాన్ అనే గోడల రంగు వచ్చింది. గోడ మీద పడేది వాన, అందుకే అక్కడ కుదిరింది. నీ ప్లేటులో పడేది పోపు వేసిన సాంబారు, నెయ్యి కలిపిన పప్పు. నూనె మైనం మీద జారదు, పరుచుకుంటుంది. నూనెను కూడా ఆపాలని చాలామంది ఫ్లోరిన్ రసాయనాల దగ్గరికి వెళ్తారు, అవి మట్టిలో, నీళ్లలో ఏళ్ల తరబడి నశించవు. దయచేసి ఆ దారి పట్టకు. ఇంకొకటి, ఆకు మీద మైనం చెరిగితే మొక్క మళ్లీ ఊరిస్తుంది, మన పూత ఒకసారి పోతే పోయినట్టే.

జవాబు 2:
మాది శ్రీకాకుళం ఏజెన్సీ వైపు. మా అమ్మమ్మ అడ్డాకులు కుట్టేది. అడవిలో తీగ నుంచి కోసి, ఎండబెట్టి, సన్నటి పుల్లలతో కలిపి కుడితే విస్తరి. వడ్డించే ముందు నీళ్లు చల్లి తుడిస్తే మెత్తబడి చక్కగా పరుచుకుంటుంది. పులుసు పోసినా అన్నం తినేదాకా ఆగుతుంది, తర్వాత పెంటకుప్పలో పడేస్తే మట్టిలో కలిసిపోతుంది. పుల్ల కూడా ఆకుతో పాటే పోతుంది, జిగురు లేదు, మేకు లేదు. నీళ్లను తరిమే ఆకు ఎందుకు బాబూ నీకు, అరగంట ఓర్చుకునే ఆకు చాలు కదా. తెలంగాణ వైపు మోదుగాకుతోనూ ఇలాగే కుడతారు. నీ కాగితం ఎంతసేపు ఆగాలో ముందు గడియారం పెట్టి లెక్క చూసుకో.

జవాబు 3:
రెండో ప్రశ్నకి: ఆ వాక్యం కొట్టేయండి. బట్టలకు అంటుకునే ముళ్లకాయలను చూసి జార్జ్ డి మెస్ట్రాల్ అనే ఇంజనీరు చేసిన వెల్‌క్రో (బ్యాగులకు, చెప్పులకు ఉండే అంటించి పీకే పట్టీ) గొప్ప ఆలోచనే, కానీ చివరికి అది నైలాన్, అంటే ప్లాస్టిక్కే. జపాన్‌లో ఎయిజి నకాత్సు బృందం లకుముకి పిట్ట ముక్కును చూసి 500 సిరీస్ బుల్లెట్ రైలు ముందుభాగం చెక్కింది. పిట్ట గాలిలోంచి నీళ్లలోకి దూకుతుంది, రైలు ఆరుబయటి నుంచి సొరంగంలోకి దూసుకెళ్తుంది, రెండింటి ఇబ్బందీ ఒకటే కాబట్టి ఆ పోలిక పనిచేసింది. సొరంగం చివర వచ్చే పెద్ద చప్పుడు తగ్గింది, కరెంటూ ఆదా అయింది. మీ ప్లేటుకి, తామరాకుకి ఆ పొత్తు కుదరలేదు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ చాలా థాంక్స్. నిన్న బజారులో అడ్డాకు కట్ట ఒకటి కొన్నాను. ఒక ఆకు మీద వేడి సాంబారు పోసి ముప్పావుగంట చూశాను, కింద పెట్టిన కాగితం తడవలేదు. కుట్టు దగ్గర మాత్రం కొంచెం కారుతోంది. అమ్మమ్మగారు ఆకు మీద ఆకు ఎంత మేర ఎక్కించి కుట్టేవారో గుర్తుంటే చెప్పగలరా అండీ?