రిటైరైన బ్రిడ్జి ఇంజినీర్లు లేకపోతే పని జరగదా, లేక వాళ్లే కుర్చీ వదలడం లేదా?

చెరువుగట్టు
2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు చైను తెగి కొట్టుకుపోయింది గుర్తుందా? ఉరుకుతున్న నీళ్లలోనే స్టాప్‌లాగ్‌లు (నీటికి అడ్డంగా దింపే స్టీలు పలకలు) దింపించి ఆ దారి మూయించింది డ్యామ్ గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారు. ఎప్పుడో రిటైరైన మనిషి. నెల తిరక్కుండానే కృష్ణా వరదలో పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్ల కౌంటర్‌వెయిట్లను (గేటు ఎత్తడానికి తోడ్పడే ఎదురు బరువులు) గుద్దితే మళ్లీ ఆయన్నే పిలిచారు. ఆయనకు దండం పెట్టాలి, అందులో మాటే లేదు. కానీ ఆయన తర్వాత ఎవరు?

అడగడానికి కారణం ఉంది. మా తమ్ముడు సివిల్ థర్డ్ ఇయర్, బ్రిడ్జీల వైపు వెళ్తానంటున్నాడు. హైవే కన్సల్టెన్సీల్లో టీమ్ లీడర్, సీనియర్ బ్రిడ్జి ఇంజినీర్ పోస్టుల్లో చూస్తే అంతా ప్రభుత్వంలో రిటైరైన ఎస్‌ఈలు (సూపరింటెండింగ్ ఇంజినీర్లు), ఈఈలే (ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్లే) కనిపిస్తున్నారు. నలభై ఏళ్లవాళ్లకు రాని పనా, ఇవ్వని పనా?

బావిసింకింగ్
ఆర్ అండ్ బీలో ఏఈగా (అసిస్టెంట్ ఇంజినీర్‌గా) చేరి ఎస్‌ఈగా దిగాను. ఇప్పుడు ఒక కన్సల్టెన్సీలో టీమ్ లీడర్ని. ఈ చర్చలో తిట్లు తినబోయేది నేనే కాబట్టి ముందుగా నేనే మొదలుపెడతాను.

రాని పనే. నదిలో బావి పునాది దింపడం ఎంతమందికి వచ్చో చెప్పండి. ఆ బావి (వెల్) 80లో 1 కంటే ఎక్కువ వాలకూడదు, 150 మి.మీ. కంటే పక్కకు జరగకూడదు అని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కోడ్ ఐఆర్‌సీ 78లో ఉంటుంది. వాలకుండా ఎలా దింపాలో సైటులోనే నేర్చుకోవాలి. ఒక పక్క కటింగ్ ఎడ్జ్ (బావి అడుగు అంచు) కింద బంకమట్టి తగులుతుంది, అటు ఆగిపోతుంది. రెండో పక్క ఇసుక, అటు జర్రున దిగుతుంది. అప్పుడు ఎత్తుగా ఉన్న వైపే గ్రాబ్ (మట్టి తీసే బకెట్) వేసి తవ్వాలి, ఆ వైపే ఇసుక బస్తాలు పేర్చాలి. తొందరపడి లోపలి నీళ్లు తోడించారో, బయటి ఇసుక బుస్సుమని లోపలికి పొంగుతుంది. బావి ఒక్కసారిగా కూలబడుతుంది, లోపల మనిషి ఉంటే ఇక అంతే. తవ్వి పోసిన మట్టి రంగు మారగానే గ్రాబ్ ఆపించిన మేస్త్రిని నేను చూశాను. ఇది ఏ సాఫ్ట్‌వేర్‌లో ఉంది?

క్యూబ్‌టెస్ట్
సార్ చెప్పిన బుస్సు నేనూ విన్నాను. పరుగే పరుగు.

హైడ్రోమెకానికల్
మొదటి పోస్టే తప్పు. కన్నయ్యనాయుడు గారిది గేట్ల పని, హైడ్రో మెకానికల్. బ్రిడ్జి ఇంజినీర్ల చర్చలో ఆయన ఉదాహరణ ఎందుకు?

చెరువుగట్టు
అనుభవం గురించి అన్నానండీ, శాఖ గురించి కాదు.

హైడ్రోమెకానికల్
అనుభవం శాఖను బట్టే ఉంటుంది. గేట్లు బాగుచేసే ఆయన గర్డర్ (వంతెన దూలం) లేపలేడు. ఆ ఉదాహరణ తీసెయ్యండి.

టైటిల్‌బ్లాక్
బావిసింకింగ్ గారు చెప్పిన పని గొప్పదే. కానీ కన్సల్టెన్సీలు ఆయన్ని తీసుకునేది దానికోసం కాదు. బయోడేటా కోసం. టెండర్‌లో కీలక సిబ్బందికి మార్కులుంటాయి, ఎన్నేళ్ల అనుభవం, ఎన్ని పెద్ద వంతెనలు అని. ఇంజినీర్ల బయోడేటాలుండే ఇన్‌ఫ్రాకాన్ పోర్టల్‌లో ఆ వివరాలున్న మనిషి కావాలి. అంతే.

నేను డిజైన్ ఆఫీసులో పనిచేస్తున్నాను. ఒక పీఎస్‌సీ గర్డర్ (లోపలి కేబుళ్లు లాగి బిగించే కాంక్రీట్ దూలం) వంతెనకు మోడల్ నాది, కేబుల్ ప్రొఫైల్ నాది, బేరింగ్ లెక్కలు నావి. పెద్దాయన వచ్చి డ్రాయింగ్ చూసి, ‘మా రోజుల్లో డెక్ స్లాబ్‌కి ఇంత స్టీలు వెయ్యలేదే, తగ్గించు’ అన్నారు. ఆయన రోజుల్లో ఐఆర్‌సీ 21, వర్కింగ్ స్ట్రెస్. ఇప్పుడు ఐఆర్‌సీ 112, లిమిట్ స్టేట్. పగుళ్ల వెడల్పు చెక్ వేరు, లెక్కే వేరు. రెండు రోజులు ప్రింటౌట్లు పట్టుకుని ఆయన చుట్టూ తిరిగితే చివరికి ‘సరేలే’ అన్నారు. డ్రాయింగ్ కుడి మూలన డిజైన్, చెక్, అప్రూవ్ అని మూడు గడులుంటాయి కదా. మూడిట్లోనూ నా పేరు లేదు. డిజైన్ గడిలో ఉన్న అక్షరాలు కంపెనీ వదిలి వెళ్లిపోయినాయనవి. టెంప్లేట్‌లో అలాగే ఉండిపోయాయట.

శ్లాబ్‌మేస్త్రి
టెంప్లేట్ 😀 మా దగ్గరా అంతే.

బావిసింకింగ్
అమ్మాయ్, నీ బాధ అర్థమైంది. కానీ స్టీలు లెక్క ఒక్కటే వంతెన కాదు. విను.

ఒకచోట గర్డర్ స్ట్రెస్సింగ్ (కేబుళ్లను జాక్‌తో లాగి బిగించడం) జరుగుతోంది. జాక్ గేజ్ చూపించాల్సిన ప్రెషర్ చూపించింది, ఎలాంగేషన్ (కేబుల్ సాగాల్సినంత సాగడం) మాత్రం రాలేదు. అయిదు శాతం అటూ ఇటూ అయితే ఒప్పుకోవచ్చు, ఇది అంతకంటే బాగా తక్కువ. డిజైన్ ఆఫీసుకి ఫోన్ చేస్తే కుర్రాడు ‘ఫ్రిక్షన్ కోఎఫిషెంట్ మార్చి మళ్లీ లెక్క పంపిస్తా సార్’ అన్నాడు. ఫోర్‌మన్ ‘ఇంకో రెండు పాయింట్లు ప్రెషర్ పెంచుదాం’ అన్నాడు. నేను అడిగింది ఒకటే: కాంక్రీట్ పోసిన రోజు షీతింగ్ (కేబుల్ వెళ్లే గొట్టం, డక్ట్) జాయింట్లకు టేపు చుట్టారా, కాంక్రీట్ పచ్చిగా ఉండగా కేబుళ్లను అటూ ఇటూ లాగి చూశారా? ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సిమెంట్ పాలు డక్ట్‌లోకి దూరి కేబుల్ని పట్టేసుకున్నాయి. లెక్క మార్చి ఉంటే కాగితం మీద పాసయ్యేది. గర్డర్‌లో మాత్రం ఉండాల్సిన ఫోర్స్ ఉండేది కాదు.

పేరు కావాలంటే ముందు ఎండలో నిలబడటం నేర్చుకోవాలి. మీ తరం ఏసీ రూములోంచి నదిని చూస్తుంది.

టైటిల్‌బ్లాక్
నేను మీ అమ్మాయిని కాదండీ. మీరు సంతకం పెట్టే డ్రాయింగులు గీసే ఇంజినీర్ని. సైటుకి పంపమని రాసిచ్చాను. ‘ఆడపిల్లలకు సైట్‌లో వసతి ఉండదు’ అని పంపలేదు. పంపకుండా ఆపింది మీ తరమే, ఏసీ రూము అని వెక్కిరించేదీ మీ తరమే.

ఎండలో నిలబడటం గురించి అంత చెప్పారు కాబట్టి క్యూబెక్ వంతెన గుర్తు చేస్తాను. కెనడా, 1907 ఆగస్టు 29. కన్సల్టింగ్ ఇంజినీర్ థియోడర్ కూపర్, అమెరికాలో ఆయన్ని మించిన పేరు లేదు. స్పాన్‌ను 1600 అడుగుల నుంచి 1800 అడుగులకు పెంచారు, స్వంత బరువు మాత్రం మళ్లీ లెక్కెయ్యలేదు. ఆరోగ్యం బాలేదని ఆయన న్యూయార్క్‌లోనే కూర్చున్నారు. పైభాగం ఎక్కిస్తున్న కాలంలో ఒక్కసారి కూడా సైటుకి పోలేదు. కింది స్టీలు దూలాలు వంగుతున్నాయని కొలిచి, లెక్కలు పట్టుకుని ఆయన దగ్గరికి పరుగెత్తింది సైటులో ఉన్న చిన్న ఇంజినీరే. ఇక బరువు పెట్టొద్దని కూపర్ ఇచ్చిన టెలిగ్రామ్ స్టీలు కంపెనీకి వెళ్లింది గానీ వంతెన దగ్గరికి చేరలేదు. ఆ సాయంత్రమే కూలింది. 75 మంది పోయారు.

అనుభవం అంటే మీరు అనుకున్నది కాదని చెప్పడానికి ఇది చాలు.

అట్లాంటాపీఈ
ఇక్కడ అమెరికాలో కథ కూడా అంత గొప్పేం కాదు. 2018లో మయామీలో యూనివర్సిటీ దగ్గర కడుతున్న కాలిబాట వంతెన పగుళ్లిచ్చింది. కూలిన రోజు పొద్దున కూడా మీటింగ్ పెట్టి, భద్రతకు ఢోకా లేదన్నారు. కింద రోడ్డు మూయలేదు. ఆరుగురు చనిపోయారు. డిజైన్‌లోని తప్పును ప్రూఫ్ చెకింగ్ (వేరేవాళ్లు డిజైన్‌ను మళ్లీ సరిచూడటం) కూడా పట్టలేదని ప్రమాదాలు దర్యాప్తు చేసే సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. అయితే ఒక తేడా ఉంది. ఇక్కడ డ్రాయింగ్ మీద ముద్ర వేసేవాడికి రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ ఉంటుంది, అది ఊడుతుందన్న భయం ఉంటుంది. మన దగ్గర ఆర్కిటెక్టులకు 1972 నుంచి చట్టం ఉంది. ఇంజినీర్లకు అలాంటిది లేదు.

హైడ్రోమెకానికల్
మన దగ్గర గేట్లకు అసలు ప్రత్యేక క్యాడరే పెంచలేదు. దాని గురించి ఎవరూ మాట్లాడరు. కన్నయ్యనాయుడు గారిని మాత్రం అందరూ వాడుకుంటారు.

మానేరుఒడ్డు
మా వైపు మానేరు మీది ఓడేడు వంతెన చూసినోళ్లున్నారా? 2016లో మొదలైంది. 2024 ఏప్రిల్‌లో రాత్రిపూట గాలి వీస్తే గర్డర్లు పడిపోయినయి. ఆ రాత్రి కింద ఎవరూ లేరు కాబట్టి బతికిపోయినం. ఏళ్లకేళ్లు గర్డర్లను అట్లనే నిలబెట్టి పోయిన పనికి రిటైరైన సార్లు ఎందుకు, కొత్త మేడమ్‌లు ఎందుకు? బిల్లులు ఇచ్చేటోళ్లు కావాలి.

కోనసీమకాలువ
కశ్మీర్ రైలు మార్గంలోని చీనాబ్ వంతెనకు మాధవీలత గారు పదిహేడేళ్లు పనిచేశారు. ప్రకాశం జిల్లా పల్లెటూరి నుంచి వెళ్లి ఐఐఎస్‌సీలో ప్రొఫెసర్ అయ్యారు. తవ్వేకొద్దీ రాయి ఎలా బయటపడితే దాన్నిబట్టి డిజైన్ మార్చుకుంటూ పోయామని చెప్పారు. రిటైర్ కాలేదు, ఆఫీసులోనూ కూర్చోలేదు. ఇద్దరూ ఆవిడ్ని చూసి నేర్చుకోండి.

బావిసింకింగ్
పదిహేడేళ్లు ఒకే వంతెన మీద ఉండనిచ్చారు కాబట్టి అంత తెలిసింది. మా శాఖలో ఒక వంతెనకు పునాది వేసిన ఏఈ దాని మీద బస్సెక్కి వెళ్లేసరికి నాలుగు బదిలీలు అయిపోతాయి.

క్యూబెక్ చెప్పారు, బాగుంది. నాదీ ఒకటి చెప్తాను. ఏఈగా ఉన్నప్పుడు ఒక చప్టా పనిలో స్టేజింగ్ (కాంక్రీట్‌ను మోసే తాత్కాలిక ఊతలు) కింద నేల నానింది, కాంక్రీట్ వద్దు అన్నాను. పైఅధికారి ఫోన్‌లో ‘మంత్రిగారి ప్రోగ్రామ్ ఉంది, పొయ్యి’ అన్నారు. పోశాం. కుంగింది. ఎంబుక్‌లో (పని కొలతల పుస్తకంలో) సంతకం నాది, ఆయన మాటకు కాగితం లేదు. సస్పెండైంది నేను. ఆయన ప్రమోషన్ మీద వెళ్లిపోయారు. వంతెన పడితే ఎవరి మెడ పడుతుందో నాకు మీరు చెప్పక్కర్లేదు. అందుకే అంటున్నాను, పని ఆపమని చెప్పగలిగేది పెన్షన్ చేతిలో ఉన్నవాడే. ఉద్యోగంలో ఉన్నవాడికి బదిలీ భయం, కుర్రాడికి జీతం భయం. నాకు ఏ భయమూ లేదు.

టైటిల్‌బ్లాక్
మీకు జరిగింది అన్యాయం. మనస్ఫూర్తిగా అంటున్నాను. ఇప్పుడు ఒక్కదానికి జవాబు చెప్పండి. మీరు టీమ్ లీడర్‌గా ఉన్న ప్యాకేజీలో మీరు కాంక్రీట్ ఆపమంటే, మర్నాడు మిమ్మల్ని మార్చి వేరే బయోడేటా పెట్టమని కంపెనీకి లెటర్ రాదా?

బావిసింకింగ్
నేను నాలుగుసార్లు కాంక్రీట్ పోయడం ఆపించాను.

టైటిల్‌బ్లాక్
అడిగింది అది కాదు.

బావిసింకింగ్
ప్రతిదానికీ సాక్ష్యం తెచ్చి ఇక్కడ పెట్టలేను. ఆపించాను అంటే ఆపించాను.

మేడిపల్లిబస్సు
ఆపడం సంగతి మేడిగడ్డ బ్యారేజీ దగ్గర తేలింది కదా. 2019లో ప్రారంభం, 2023 అక్టోబర్ 21న ఏడో బ్లాకులో పియర్లు (స్తంభాలు) కుంగాయి. ఆ కాలంలో నీటిపారుదల శాఖ పైకుర్చీల్లో రిటైరయ్యాక పొడిగింపుల మీద ఉన్నవాళ్లు లేరా? మీ లెక్కన పెన్షన్ ఉంటే ధైర్యం ఉండాలి. ఏమైంది మరి?

నిర్వాహకుడు
మేడిగడ్డ మీద వేరే చర్చ నడుస్తోంది. పార్టీల పేర్లు వచ్చిన పోస్టులు నాలుగు తీసేశాను.

టైటిల్‌బ్లాక్
పార్టీలు వద్దు, ఆయన అడిగిన విషయం మాత్రం ఉంచండి. నేను మొదటి నుంచి చెప్పాలనుకుంటున్నది అదే. వయసుతో నాకు గొడవ లేదు. పెన్షన్ ధైర్యాన్నిస్తే పొడిగింపు మళ్లీ భయాన్నిస్తుంది. ఆరు నెలలకోసారి, ఏడాదికోసారి ఇంకొకరి దయ మీద కొనసాగేవాడు ఆపమని ఎలా అంటాడు? ఉంచితే నిర్ణీత కాలానికి ఉంచాలి, మధ్యలో తీసేస్తే ఎందుకో కాగితం మీద రాయాలి. లేదా పెద్దవాళ్లను ప్రూఫ్ చెకింగ్‌కి, ట్రైనింగ్‌కి పెట్టి సంతకం కుర్చీ ఉద్యోగంలో ఉన్నవాళ్లకివ్వాలి.

బావిసింకింగ్
సంతకం కుర్చీ కావాలా? తీసుకోండి. రేపటి నుంచి డిజైన్ గడిలో మీ పేరే రాయిస్తాను. పడితే పోలీస్ స్టేషన్‌కి మీరూ రావాలి. సిద్ధమేనా?

టైటిల్‌బ్లాక్
సిద్ధమే. జీతం కూడా ఆ సంతకానికి తగ్గట్టు ఇప్పించండి.

బావిసింకింగ్
అది నా చేతిలో లేదు. టెండర్‌లో టీమ్ లీడర్‌కి ఇన్ని మ్యాన్-మంత్‌లు (ఒక మనిషి నెల పని), బ్రిడ్జి ఇంజినీర్‌కి ఇన్ని అని లైను ఉంటుంది, దానికి రేటు ఉంటుంది. హెడ్డాఫీసులో కూర్చుని మోడల్ చేసేవాళ్లకు లైనే ఉండదు, ఓవర్‌హెడ్‌లో కలిపేస్తారు. మా పేర్లు అమ్ముడుపోతే ఆ డబ్బులోంచే మీ జీతాలు.

టైటిల్‌బ్లాక్
ఇది మొదటి రోజే చెప్పి ఉంటే ఏసీ రూము గొడవ ఉండేది కాదు.

శ్లాబ్‌మేస్త్రి
ఆ లైను పెట్టమని క్లయింటుకి రాసే ప్రీ-బిడ్ క్వెరీ (బిడ్ వేసే ముందు పంపే ప్రశ్న) ఎవరి సంతకంతో పోతుంది సార్? మీదేగా.

బావిసింకింగ్
నాదే. గతంలో ఒకసారి రాశాం. ‘టెండర్ నిబంధనల ప్రకారమే’ అని ఒక్క ముక్క జవాబొచ్చింది. మళ్లీ రాస్తే మా కంపెనీ పేరు గుర్తుపెట్టుకుంటారని ఎండీ ఊరుకోమన్నాడు.

టైటిల్‌బ్లాక్
ఏ భయమూ లేదన్నారు.

హైడ్రోమెకానికల్
ఇన్ని పోస్టులయ్యాయి, మొదటి పోస్టు ఇంకా మార్చలేదు.