144 హెర్ట్జ్ మానిటర్ 60 దగ్గరే ఆగిపోతే ముందు డ్రైవర్ లేపెయ్యాలా, కేబుల్ చూడాలా?

కొత్త మానిటర్: అన్నలూ ఒక హెల్ప్. 27 అంగుళాల 1440పీ మానిటర్ తీసుకున్నా, 144 హెర్ట్జ్‌ది. విండోస్ 11, ఎన్‌విడియా కార్డు. సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ రేట్ (సెకనుకి తెర ఎన్నిసార్లు మారుతుందో అది) దగ్గర 60 దాటి ఏదీ కనపడట్లేదు. కేబుల్ పాత మానిటర్‌దే, హెచ్‌డీఎంఐ. ఫ్రెండేమో డీడీయూ అనే టూల్‌తో డ్రైవర్ (కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్) మొత్తం తీసేసి మళ్ళీ ఎక్కించు అంటున్నాడు, చెయ్యమంటారా?

రాత్రిపూట గేమర్: చేసెయ్ బ్రో, టైమ్ వేస్ట్ చేసుకోకు. విండోస్ అప్‌డేట్ చెప్పాపెట్టకుండా డ్రైవర్ మార్చేస్తది, నిన్నటిదాకా 165 ఉన్నది పొద్దున లేచి చూస్తే 60. నాకు అట్లనే అయింది, కేబుల్ ఎవరూ ముట్టుకోలే. డివైస్ మేనేజర్‌లో మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని కనపడిందంటే కార్డు అసలు డ్రైవర్ నడవట్లేదనే, ఇంక వేరే డౌటే అక్కర్లేదు.

సర్వీస్ బెంచ్: ఆ పేరు కనపడితే డ్రైవరే, ఒప్పుకుంటా. కానీ తమ్ముడూ, ఇతనికి మారింది డ్రైవర్ కాదు కదా, మానిటర్. ఏది మారిందో అక్కడ మొదలుపెట్టాలి. లెక్క చూడండి, 2560ని 1440తో, దాన్ని 144తో, ఒక్కో పిక్సెల్‌కి 24 బిట్లతో గుణిస్తే సెకనుకి దాదాపు 12.7 గిగాబిట్లు, అదీ పిక్సెళ్ళకి మాత్రమే. హెచ్‌డీఎంఐ 1.4 మోసేది 8.16. ఎక్కడ పడుతుంది? అదే 60 హెర్ట్జ్ అయితే 5.3, హాయిగా పడుతుంది, అందుకే లిస్టులో అదొక్కటే మిగిలింది. కొన్ని మానిటర్లలో హెచ్‌డీఎంఐ పోర్టు పాత వెర్షన్‌దే ఇస్తారు, వాటిల్లో 144 కావాలంటే డిస్‌ప్లేపోర్ట్ అనే ఇంకో రకం పోర్టు వాడాలి. డిస్‌ప్లేపోర్ట్ 1.2కే 17.28 వస్తుంది. ఏ పోర్టులో పెడితే ఎంత వరకు పనిచేస్తానో మానిటరే ఈడీఐడీ అనే చిన్న డేటా ముక్కలో కార్డుకి చెప్తుంది, డ్రైవర్ ఆ లిస్టునే నీకు చూపిస్తుంది. ఆ పోర్టు 60 అనే చెప్తుంటే పదిసార్లు డ్రైవర్ ఎక్కించినా అదే 60.

ఇంకోటి, కేబుల్ గ్రాఫిక్స్ కార్డులోనే ఉందా మదర్‌బోర్డులో ఉందా వెనక్కి వంగి చూడు. మదర్‌బోర్డు పోర్టులు నిలువుగా పైన ఉంటాయి, కార్డువి కింద అడ్డంగా. అసెంబుల్ చేయించుకున్న వాళ్ళు ఇక్కడే ఎక్కువ దెబ్బతింటారు, కార్డుకి డబ్బులు పోసి ప్రాసెసర్‌లోని బుల్లి గ్రాఫిక్స్ మీద బండి నడుపుతుంటారు, నాకు నిజంగా బాధేస్తుంది.

రాత్రిపూట గేమర్: లెక్కలు సరే అన్నా. మరి నాది డిస్‌ప్లేపోర్టే, నాకెందుకు పడిపోయింది? అప్పుడు డీడీయూ తప్ప దారేది?

సర్వీస్ బెంచ్: నీది డ్రైవరే, కాదనట్లా. అయినా డీడీయూ ఆఖరి మందు. ముందు డివైస్ మేనేజర్‌లో రోల్‌బ్యాక్ డ్రైవర్ నొక్కాలి, పాత డ్రైవర్ వెనక్కి వస్తుంది, ఒక్క రీస్టార్ట్‌తో పోవచ్చు. డీడీయూ చెయ్యాలంటే సేఫ్ మోడ్‌లోకి వెళ్ళాలి, నెట్ తీసెయ్యాలి, లేకపోతే నువ్వు కొత్తది ఎక్కించేలోపే విండోస్ తన దగ్గరున్నది తెచ్చి పెట్టేస్తుంది. కొత్తవాళ్ళకి ఇదంతా మొదటి మాటగా చెప్పడం నాకు నచ్చదు.

ల్యాప్‌టాప్ వాలా: నాకు 4కే మానిటర్‌లో 30 హెర్ట్జే వస్తుంది, మౌస్ ఈడ్చుకుంటూ పోతోంది. టైప్-సీ హబ్ నుంచి హెచ్‌డీఎంఐ. ఇదీ పోర్టేనా?

సర్వీస్ బెంచ్: హబ్ మీదే డౌట్. తక్కువ రేటు హబ్‌లు చాలావరకు 4కే 30 దగ్గరే ఆగిపోతాయి, డబ్బా మీద చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది. ల్యాప్‌టాప్‌కే హెచ్‌డీఎంఐ 2.0 ఉంటే నేరుగా దాంట్లో పెట్టండి, 60 వస్తుంది.

కొత్త మానిటర్: అన్నా డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ డబ్బాలోనే ఉంది, పెట్టా, లిస్టులో 144 వచ్చింది!! కానీ ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో మళ్ళీ 60యే చూపిస్తోంది.

సర్వీస్ బెంచ్: అక్కడ రిజల్యూషన్ లిస్ట్ కిందకి లాగు, టీవీ మోడ్‌లు పైన, పీసీ అని కింద ఇంకో గుంపు ఉంటుంది. పీసీ కింద ఉన్న 2560 × 1440 ఎంచుకో. తర్వాత విండోస్‌లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిచి డెస్క్‌టాప్ మోడ్, యాక్టివ్ సిగ్నల్ మోడ్ రెండూ ఒకటేనా చూడు. మానిటర్‌కి నిజంగా వెళ్ళేది రెండోది.

రాత్రిపూట గేమర్: కస్టమ్ రిజల్యూషన్ పెట్టి 165కి లాగొచ్చు కదా ఇప్పుడు?

సర్వీస్ బెంచ్: కొత్త మానిటర్ మీద వద్దు. ప్యానెల్ తట్టుకోకపోతే ఫ్రేములు ఎగిరిపోతాయి, లేదా అవుట్ ఆఫ్ రేంజ్ అని తెర నల్లబడుతుంది. అట్లయినా కంగారుపడి పవర్ పీకొద్దు, ఏమీ నొక్కకుండా కాసేపు ఆగితే పాత సెట్టింగ్‌కి అదే వచ్చేస్తుంది.

కొత్త మానిటర్: రెండు చోట్లా 144 చూపిస్తోంది. డ్రైవర్ ముట్టుకోలేదు.