బ్యారన్ కట్టెకి రెండో రంపం మిషన్: 45 సీసీనా, 70 సీసీనా?

జంగారెడ్డిగూడెం రైతు

అందరికీ నమస్కారమండి. వర్జీనియా పొగాకు వేస్తాం, ఆ ఆకుని మంట వేడికి ఆరబెట్టే బ్యారన్లు రెండు ఉన్నాయి. సంక్రాంతి దాటితే ఆకు రెలుపు, అంటే ఆకు కోత, మొదలవుతుంది, ఒకసారి బ్యారన్‌కి నిప్పు పెట్టామంటే ఐదారు రోజులు రాత్రీ పగలూ మంట తగ్గకూడదు, అందుకని కట్టె ముందే కోసి ఆరబెట్టుకోవాలి.

నాలుగేళ్ల క్రితం స్టిల్ కంపెనీ ఎంఎస్ 180 కొన్నాను, 32 సీసీ, చైన్ తిరిగే బార్ 14 అంగుళాలు. సరుగుడు, జామాయిల్, సుబాబుల్ ఎంత కోసినా ఏ రోజూ మొరాయించలేదు. ఈ ఏడు కట్టె రేటుకి భయపడి, దగ్గర్లో పాత మామిడి తోట తీసేస్తుంటే మొద్దులు కొన్నాను, వాటితో పాటు మూడు చింత మొద్దులు వచ్చాయి. మామిడివి అడుగున్నర నుంచి రెండడుగుల మందం, చింతలో ఒకటి రెండున్నర అడుగులు ఉంటుంది. మొన్న ఆ చింత మొద్దుకి మిషన్ పెడితే ఒక్క కోతకి ఇరవై నిమిషాలు పట్టింది. పొట్టు పిండిలా రాలింది, బార్ దగ్గర కాలిన వాసన వచ్చింది, రెండుసార్లు ఆపి చల్లారనిచ్చాను. ఇంకా 15 టన్నుల దాకా మిగిలి ఉంది.

షాపులో ఎంఎస్ 250 చూపించారు, 45 సీసీ. మా బావ మాత్రం కొంటే 70 సీసీ కొను అంటాడు. ఆన్‌లైన్‌లో 58 సీసీ, 22 అంగుళాల బార్ అని చెప్పి చాలా చవకగా ఉన్నవి కూడా చూశాను. బడ్జెట్ 50 వేలు అనుకున్నాను. కోసేది నేనూ మా తమ్ముడూ, కూలికి ఇచ్చే ఉద్దేశం లేదు. ఏది తీసుకోమంటారు?

సత్తుపల్లి కోత

అన్నా, మేము ఖమ్మం వైపు పేపర్ మిల్లుకి పోయే జామాయిల్, సుబాబుల్ కోస్తాం, పన్నెండేళ్ల నుంచి ఇదే పని. కొత్త మిషన్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఉన్నదాని చైన్ చూడు. పొట్టు పిండిలా రాలుతుందంటే పళ్లు మొండివైనట్టే. పదునున్న చైన్ ఎండిన చింతలో కూడా చిన్న చిన్న పెచ్చుల్లాగా తీస్తుంది, పిండి చేయదు. నువ్వు బలంగా అదిమి ఉంటావు, అందుకే బార్ కాలిన వాసన.

నీ 180కి పడేది 4 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి. ప్రతి పన్నునీ లోపల నుంచి బయటికి, 30 డిగ్రీల వాలులో, రెండు మూడు సార్లు ముందుకి మాత్రమే తోయాలి, వెనక్కి లాగేటప్పుడు ఎత్తేయాలి. ఒక వైపు పళ్లు అయిపోయాక రెండో వైపుకి రా, రెండు వైపులా లెక్క సమానంగా ఉండాలి, లేకపోతే కోత ఒక పక్కకి వంకర పోతుంది. చాలామంది మరిచిపోయేది పన్ను ముందు ఉండే చిన్న మొప్ప. నాలుగేళ్లలో దాన్ని ఒక్కసారైనా రుద్దావా? పన్ను అరిగే కొద్దీ ఆ మొప్ప ఎత్తయిపోతుంది, అప్పుడు పన్ను చెక్కని అందుకోదు, ఎంత పదును పెట్టినా పైపైనే జారిపోతుంది. దానికి గేజ్ దొరుకుతుంది, పన్ను అంచు కన్నా 0.65 మిల్లీమీటర్లు కిందకి ఉండాలి. చదును ఆకురాయితో రుద్దు.

ఇది చేసి మళ్లీ అదే మొద్దు మీద పెట్టి చూడు. అయినా పెద్ద మిషన్ కావాలనే అనిపిస్తుంది, అది నిజమే, కానీ పదును పెట్టడం రాకుండా పెద్దది కొంటే దాన్నీ ఇలాగే కాలుస్తావు.

దేవరపల్లి

నాకూ రెండు బ్యారన్లు ఉన్నాయండి, ఇదే ప్రశ్నతో మూడేళ్ల క్రితం తిరిగాను. ఆ ఆన్‌లైన్ 58 సీసీ గురించి మాత్రం చెప్తాను, ఎందుకంటే కొన్నాను కాబట్టి. మొదటి నెల బాగానే కోసింది. రెండో నెలలో చైన్‌కి ఆయిల్ రావడం ఆగింది, ఆయిల్ పంపు గేరు ప్లాస్టిక్, పళ్లు అరిగిపోయాయి. ఆ గేరు కోసం ఏలూరు, రాజమండ్రి రెండూ తిరిగాను, ఎవరి దగ్గరా ఆ సైజు లేదు. అప్పటికే మొదటి బ్యారన్‌లో ఆకు ఎక్కించేశాం. రాత్రి పదకొండింటికి టార్చిలైటు పెట్టుకుని గొడ్డలితో కట్టె కొట్టిన సీజన్ అది, మా ఆవిడ ఇప్పటికీ తలుచుకుంటుంది. సీజన్ మధ్యలో చెడిపోని మిషన్ ఉండదు, కాబట్టి చెడిపోతే మర్నాటికి సామాను దొరికేది ఏదో అదే కొనండి. కంపెనీ ఏదైనా సరే, ముందు మీ ఊరికి గంట దూరంలో ఉన్న డీలర్ దగ్గరికి వెళ్లి ఆ మోడల్‌కి చైన్, క్లచ్, ఫిల్టర్, స్టార్టర్ తాడు అలమారలో ఉన్నాయో లేదో కళ్లతో చూడండి. ‘తెప్పిస్తాం’ అంటే లేనట్టే.

నర్సీపట్నం

నా మాట కొంచెం వేరు. 180 ఉన్న మనిషి 250 కొంటే తేడా అంతగా తెలియదు. చేతిలో బరువు ఒక అర కిలో పైన పెరుగుతుంది, బార్ రెండంగుళాలో నాలుగంగుళాలో పెరుగుతుంది, రెండడుగుల మొద్దు ముందు మళ్లీ అదే కష్టం. ఒక్కటే మిషన్ ఉండాలంటే 250 మంచిదే, కాదనను. మీకు కొమ్మలకి, సన్న కట్టెకి చిన్నది ఆల్రెడీ ఉంది కాబట్టి రెండోది ధైర్యంగా పెద్దదే తీసుకోవచ్చు. మీ బావ చెప్పినదే కరెక్టు.

స్టిల్‌లోనే ఎంఎస్ 382 అని ఉంది, 72 సీసీ, 3.9 కిలోవాట్లు, అంటే మీ 180కి రెండున్నర రెట్లు పైనే శక్తి. బార్, చైన్, పెట్రోలు లేకుండానే 6.2 కిలోలు, అన్నీ పెట్టి చేతికి తీసుకుంటే ఎనిమిది దాటుతుంది. హస్క్‌వర్నా కంపెనీలో 365 దాదాపు ఆ తరగతిదే. నిలబడిన చెట్టు మీద రోజంతా పట్టుకోవాలంటే ఈ బరువు నరకం, కానీ నేల మీద పడున్న మొద్దుకి మిషన్ బరువే కిందకి కోస్తుంది, మీరు అదమక్కర్లేదు. రేటు మీ బడ్జెట్ దాటొచ్చు, ముందే అడగండి.

బార్ విషయంలో తొందరపడకండి. రెండున్నర అడుగుల మొద్దుకి 30 అంగుళాల బార్ కావాలి అనుకుంటారు అందరూ. అక్కర్లేదు. ఒక వైపు నుంచి సగం దాటేదాకా కోసి, అవతలి వైపుకి తిరిగి వస్తే 20 అంగుళాల బార్ మీ చింత మొద్దుకి కూడా సరిపోతుంది. పొట్టి బార్ అయితే చైన్ ఖర్చు తక్కువ, రుద్దాల్సిన పళ్లు తక్కువ, బార్ ముక్కు ఎక్కడుందో కంటికి తెలుస్తుంది.

సత్తుపల్లి కోత

నర్సీపట్నం అన్న చెప్పిన దానికి ఒక మాట కలుపుతా. పెద్ద మిషన్‌కి పెద్ద పళ్లుండే ఫుల్ సైజు 3/8 చైన్ వస్తుంది, దానికి 5.2 మిల్లీమీటర్ల ఆకురాయి. 180 ఆకురాయితో దాన్ని రుద్దితే పన్ను కింద గుంట పడి కొక్కెం లాగా తయారవుతుంది, నాలుగు మొద్దులకే మొండిబారుతుంది. రెండు ఆకురాళ్లకీ వేర్వేరు రంగుల పిడి వేసుకో.

మొద్దుకి మట్టి ఉంటే కోసే గీత దగ్గర గొడ్డలితో బెరడు చెక్కేయి. తోటలో ట్రాక్టర్‌తో ఈడ్చిన మామిడి మొద్దు బెరడులో ఇసుక ఇరుక్కుని ఉంటుంది, ఒక్క కోతకి చైన్ పోతుంది. చింత రోడ్డు పక్కదైతే మేకులు కూడా ఉంటాయి, నల్ల మరక కనిపించిన చోట జాగ్రత్త, ఇనుము తుప్పు పట్టి చింత చెక్కని అలా నల్లబరుస్తుంది.

జంగారెడ్డిగూడెం రైతు

అందరికీ చాలా థాంక్సండి. సత్తుపల్లి గారూ, మీరు అడిగింది నిజమే, ఆ మొప్ప నాలుగేళ్లలో ఒక్కసారి కూడా రుద్దలేదు. నిన్న సాయంత్రం గేజ్ తెచ్చి పెట్టి చూస్తే పన్నుకీ మొప్పకీ తేడా వేలికి కూడా తగలట్లేదు. గంటన్నర కూర్చుని రుద్దాను. అదే చింత మొద్దు, పక్కనే ఇంకో కోత పెట్టాను. ఎనిమిది నిమిషాలు. అదమలేదు, వాసన రాలేదు, పొట్టు కూడా పిండిలా లేదు, బియ్యపు నూక సైజులో వచ్చింది. అయినా ఇంజిన్ ఆయాసపడుతోంది, 15 టన్నులు దీంతో అవదు. పెద్దదానికే వెళ్తున్నాను, 20 అంగుళాల బార్‌తో.

ఒక్క సందేహం. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ కలిపిన పెట్రోలే కదా, ఇంత ఖరీదైన మిషన్‌కి దాంతో ఇబ్బంది ఉండదా?

మెకానిక్, రాజమండ్రి

నడిచేటప్పుడు పెద్ద ఇబ్బంది లేదండి, నిలవ ఉంచితేనే. ఇథనాల్ గాల్లో తేమని లాక్కుంటుంది, నాలుగు నెలలు ట్యాంకులో వదిలేసిన మిషన్లు నా దగ్గరికి వస్తాయి, కార్బ్యురేటర్ లోపల పొరలు గట్టిపడి, పైపు మెత్తబడి ఉంటాయి. వారానికి సరిపడా మాత్రమే కలుపుకోండి, లీటరుకి 20 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిల్. నీళ్ల సీసా మూతతో అంచనా కట్టకండి, కొలత సీసా వాడండి. సీజన్ అయిపోగానే ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్ తనంతట తాను ఆగిపోయేదాకా నడిపి అప్పుడు అటక మీద పెట్టండి. కొత్త మిషన్‌ని మొదటి మూడు నాలుగు ట్యాంకులు అయ్యేదాకా కోత లేకుండా ఊరికే ఫుల్ రేజ్ చేయకండి.

చైన్‌కి కాలిన ఇంజిన్ ఆయిల్ పోస్తారు మన వైపు, అది మానేయండి, అందులో ఇనుప రజను ఉంటుంది, పంపునీ బార్‌నీ తినేస్తుంది. పెట్రోలు ట్యాంకు అయ్యేసరికి చైన్ ఆయిల్ కూడా దాదాపు అయిపోవాలి. అవ్వలేదంటే రంధ్రం పూడుకుపోయిందని.

దేవరపల్లి

తమ్ముడు కూడా కోస్తాడన్నారు కాబట్టి చెప్తున్నాను, పెద్ద మిషన్ చేతికిచ్చే ముందు ఆయన్ని ఒక పూట 180 మీదే నిలబెట్టి నేర్పండి. బార్ ముక్కు పై భాగం దేనికైనా తగిలిందంటే మిషన్ మొహం మీదకి తన్నుతుంది, 32 సీసీ తన్నడం వేరు, 72 సీసీ తన్నడం వేరు. ఎడమ చెయ్యి బొటనవేలు పిడి చుట్టూ తిప్పి పట్టుకోవాలి, వేళ్ల మీద ఆనించి కాదు. లుంగీతో అసలు వద్దు. కోతకి తట్టుకునే ప్యాంటు దొరుకుతుంది, లోపల పొడవాటి నూలు పొరలు ఉంటాయి, చైన్ తగలగానే ఆ నూలు లోపలికి లాగబడి మిషన్‌ని ఆపేస్తుంది. బడ్జెట్‌లో దానికీ, చెవుల మఫ్‌కీ ముందే డబ్బు తీసి పక్కన పెట్టండి.

ఇంకోటి, మొద్దు రెండు చివర్లా ఆని మధ్యలో గాలిలో ఉంటే పై నుంచి మూడో వంతు కోసి, మిగతాది కింద నుంచి పైకి రండి. ఒక చివరే ఆని రెండోది వేలాడుతుంటే ముందు కింద నుంచి. తిరగేస్తే బార్ పట్టేస్తుంది, తీయడానికి మళ్లీ చిన్న మిషనే కావాలి.

జంగారెడ్డిగూడెం రైతు

అప్‌డేట్ అండి. నిన్న తెచ్చాను, 382. ఏలూరు డీలర్ అలమారలో చైన్లు, క్లచ్ చూపించాడు, బడ్జెట్ దాటింది, మా బావ కొంత సర్దాడు. ప్యాంటు ఒకటే తీసుకున్నాం, ఎవరు కోస్తే వాళ్లు వేసుకుంటాం. పొద్దున మామిడి మొద్దు మీద పెట్టాను, రెండడుగులది, నిమిషం కూడా పట్టలేదు. తమ్ముడు 180తో కొమ్మలు కోస్తున్నాడు, నేను మొద్దులు, మధ్యాహ్నం భోజనానికి వచ్చేసరికి ట్రాక్టర్ తొట్టి నిండింది. చింత మొద్దు నల్ల మరక ఉన్న చోటు సున్నంతో గీత పెట్టి వదిలేశాను, ఆ ముక్క పొడవుగా అలాగే పొయ్యిలోకి తోసేస్తాను.