వెనక బ్రేక్ లైటునే ఇండికేటర్‌గా మార్చుకోవచ్చా?

పాతబండి:
అందరికీ నమస్కారం. ఒక పాత బండిని మొత్తం విప్పి మళ్లీ కడుతున్నాను. ఇంజను, బ్రేకులు అయిపోయాయి, వైరింగ్ దగ్గర ఆగాను. వెనక రెండే రెండు గుండ్రటి ఎర్ర లైట్లు. ఒక్కోదాంట్లో డబుల్ ఫిలమెంట్ బల్బు ఉంది, రాత్రి లైటుకి 5 వాట్లది, బ్రేకుకి 21 వాట్లది. ఇండికేటర్లు ముందు మాత్రమే ఉన్నాయి. బాడీ రేకుకి కొత్తగా కన్నాలు పెట్టడానికి నాకు చేతులు రావడం లేదు. ఆ 21 వాట్ల ఫిలమెంటునే బ్రేకుకీ ఇండికేటరుకీ వాడేలా వైర్లు మార్చుకోమని ఒకరంటే, ప్రమాదం, ఆ పని పెట్టుకోవద్దని ఇంకొకరు అంటున్నారు. ఈ పని చేసి చూసినవాళ్లు చెప్పండి.

వైరుచుట్ట:
నిరభ్యంతరంగా చేసుకోవచ్చు అన్నా. ఇదేమీ దొంగ పద్ధతి కాదు. అమెరికాలో ఎన్నో కార్లు, పికప్పులు కంపెనీ నుంచే ఇలా వచ్చాయి, ఇప్పటికీ వస్తున్నాయి. అక్కడి వాహన భద్రతా నిబంధన ఎఫ్‌ఎంవీఎస్‌ఎస్ 108 ప్రకారం వెనక ఇండికేటర్ ఎరుపైనా ఆరెంజ్ అయినా ఉండొచ్చు.

ఆ పాత కార్లలో బ్రేక్ స్విచ్ నుంచి వచ్చే వైరు నేరుగా లైటుకి పోదు, ఇండికేటర్ స్విచ్‌లోంచి తిరిగి వెళ్తుంది. కుడివైపు వేస్తే కుడి లైటుకి బ్రేక్ కరెంటు తెగి ఫ్లాషర్ (ఇండికేటర్‌ని ఆర్పి వెలిగించే పెట్టె) కరెంటు అందుతుంది. ఎడమ లైటు బ్రేకుకే ఉంటుంది.

మీ స్విచ్‌లో ఆ ఏర్పాటు ఉండదు కాబట్టి బయట చేసుకోవాలి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. రెండు వైర్లూ కలిపి చెరో డయోడ్ పెడితే సరిపోతుందనుకుంటారు. డయోడ్ వల్ల కరెంటు వెనక్కి పోదు, అంతవరకే. బ్రేక్ తొక్కి ఉంటే లైటు వెలిగే ఉంటుంది, దాని మీద ఇండికేటర్ కొట్టినా కనపడదు. డయోడ్ కూడా లేకుండా కలిపేస్తే మరీ ఘోరం. కుడి ఇండికేటర్ కరెంటు బ్రేక్ వైరులోకి ఎదురెక్కి ఎడమ లైటు కూడా కొట్టుకుంటుంది.

అయిదు పిన్నుల రిలేలు (కరెంటు దారి మార్చే విద్యుత్ స్విచ్‌లు) రెండు కావాలి, వైపుకి ఒకటి. 30 అని రాసిన పిన్నుకి లైటు, 87ఎకి బ్రేక్ వైరు, 87కి ఫ్లాషర్ వైరు. రిలేని కదిలించే కాయిల్‌ని ఫ్లాషర్ వైరుతోనే నడిపితే ఆరినప్పుడల్లా రిలే వదిలేసి లైటు మళ్లీ బ్రేక్ మీదికి పోతుంది. అందుకే ఆఖరి మెరుపు తర్వాత ఒక సెకను పట్టి ఉంచే టైమర్ రిలే వాడాలి. ఇదంతా ఎందుకనుకుంటే ట్రైలర్లకి అమ్మే కన్వర్టర్ పెట్టె లోపల ఈ పనే చేస్తుంది.

వెనకచూపు:
వైరుచుట్ట గారు చెప్పిన వైరింగ్‌లో తప్పేమీ లేదు. నా అభ్యంతరం వేరు. ఆ లైటు ఉన్నది మీ కోసం కాదు, మీ వెనక వచ్చేవాడి కోసం. అతనికి ఏం కనపడుతుందో అక్కడ నిలబడి ఆలోచించండి.

ఒక రాత్రి వానలో ఇలాంటి బండి వెనకే వెళ్తున్నాను. మా ఇద్దరి మధ్య ఎడమ పక్కగా ఒక లారీ ఉండటంతో నాకు ఆ బండి కుడి లైటు ఒక్కటే కనపడుతోంది. ఎర్రగా వెలిగి ఆరింది, మళ్లీ వెలిగింది. బ్రేక్ తొక్కి వదులుతున్నాడా, కుడికి తిరుగుతున్నాడా? రెండో లైటు కనపడితేనే ఆ తేడా తెలుస్తుంది. నేను బ్రేకే అనుకున్నాను. అతను తిరిగాడు. నా బండి జారి అతని బంపరుకి జానెడు దూరంలో ఆగింది. అదే ఆరెంజ్ లైటు అయి ఉంటే ఒక్క మెరుపుకే తెలిసిపోయేది.

ఇది నా ఒక్కడి భయం కాదు. అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ 2009లో ఒక నివేదిక ఇచ్చింది. వెనక ఇండికేటర్ రంగు మారిన మోడళ్లను ముందూ తర్వాతా పోల్చి చూశారు. తిరుగుతున్న, లేన్ మారుతున్న బండిని వెనక నుంచి గుద్దే ప్రమాదాలు ఆరెంజ్ లైటు ఉన్నవాటిలో 5.3 శాతం తక్కువని తేలింది. చిన్న అంకెలా కనపడొచ్చు, కానీ ఒక బల్బు రంగుతో వచ్చిన తేడా అది. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనలు పాటించే దేశాల్లో వెనక ఇండికేటర్ ఆరెంజ్ రంగులోనే ఉండాలి, ఎర్రది చెల్లదు. మీ దగ్గర ఏ నిబంధనో చూసుకోకుండా వైరు కొయ్యకండి.

ఇంకోటి. తిరగడానికి ముందు ఎవరైనా బ్రేక్ వేస్తారు. సరిగ్గా ఆ సమయంలో మీ రెండు బ్రేక్ లైట్లలో ఒకటి మాయం. టైమర్ రిలే పెడితే ఇండికేటర్ తీసేశాక ఆ వైపు బ్రేక్ లైటు మరో సెకను ఆలస్యం. నాలుగు ఇండికేటర్లూ వేసుకుని నెమ్మదిగా వెళ్తుంటే అసలు బ్రేక్ లైటే ఉండదు.

వైరుచుట్ట:
ఆ చివరి మాట ఒప్పుకుంటున్నాను. అందుకే వెనక అద్దం దగ్గర మూడో బ్రేక్ లైటు పెట్టుకోవాలి. అమెరికాలో కార్లకి 1986 మోడళ్ల నుంచి అది తప్పనిసరి చేశారు. దానికి కన్నం కూడా అక్కర్లేదు, అద్దం లోపల అతికించొచ్చు. కింద ఏది కొట్టుకుంటున్నా పైన నిలకడగా వెలిగితే బ్రేక్ అని తెలిసిపోతుంది. వైరు మాత్రం రిలేకి ముందే, బ్రేక్ స్విచ్ దగ్గరే తీసుకోవాలి.

తోకబండి:
నేను ట్రైలర్ లాగుతాను. నాది అమెరికా పద్ధతి నాలుగు వైర్ల ప్లగ్గు. తెల్లది ఎర్త్ (కరెంటు తిరిగి వెళ్లే దారి), గోధుమరంగుది రాత్రి లైట్లు, పసుపుది ఎడమ బ్రేకూ ఇండికేటరూ కలిపి, పచ్చది కుడివైపుకి అదే. ఏళ్ల తరబడి వాడుతున్నాను కాబట్టి ఎరుపు పనికిరాదని అనలేను.

కానీ ఒకే ఫిలమెంటు మీద రెండు పనులు పెడితే చిన్న లోపం కూడా పెద్దదవుతుంది. ఒకసారి కుడివైపు వేస్తే అక్కడ మసకగా కొట్టుకుంటూ ఎడమ లైటు కూడా లేతగా మినుకుమంది. ఫ్లాషర్ మార్చాను, కన్వర్టర్ మార్చాను. చివరికి చూస్తే తెల్ల వైరు బిగించిన బోల్టు కింద తుప్పు పొరలా పట్టింది. ఎర్త్ అందక కరెంటు రాత్రి లైటు ఫిలమెంటులోంచి దారి వెతుక్కుంటూ అవతలి బల్బుకి పోతోంది. ఉప్పుకాగితంతో రేకు తెల్లబడేదాకా గీకి బిగించాక అంతా సర్దుకుంది. విడి లైట్లయితే ఒకటి పోయినా రెండోది పనిచేస్తుంది. ఇక్కడ ఒక్క ఫిలమెంటు తెగితే ఆ వైపు బ్రేకూ లేదు, ఇండికేటరూ లేదు.

వెనకచూపు:
ఈ చర్చ చదివి ఎవరైనా కొత్త బండి మీద ప్రయోగం చేస్తారేమోనని ఒక మాట. కొత్తవాటిలో బల్బులను కంప్యూటర్ నడుపుతుంది, ఎంత కరెంటు పోతోందో గమనిస్తుంది కూడా. వేగాన్ని తనంతట తానే నిలిపే క్రూయిజ్ కంట్రోల్ కూడా బ్రేక్ తొక్కారో లేదో చూసుకుంటుంది. మధ్యలో వైరు కోసి కలిపితే ఏది ఎక్కడ దెబ్బతింటుందో చెప్పలేం. ముట్టుకోకండి.

పాతబండి:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న రిలేలు పెట్టి, పట్టుకారు క్లిప్పులతో తాత్కాలికంగా కలిపి చూశాను. మా తమ్ముణ్ణి బ్రేక్ మీద కాలు పెట్టి కుడి ఇండికేటర్ వెయ్యమని, నేను ముప్పై అడుగులు వెనక్కి నడిచాను. మిట్టమధ్యాహ్నం, ఎండ నేరుగా లైట్ల మీద పడుతోంది. రెండు లైట్లూ కనపడుతున్నంతసేపూ అర్థమైంది. ఎడమ లైటుకి అరచెయ్యి అడ్డం పెట్టుకుని చూశాను. తమ్ముడు బ్రేక్ తొక్కి వదులుతున్నాడో, ఇండికేటర్ వేశాడో, నాలుగుసార్లలో రెండుసార్లు తప్పు చెప్పాను. ఆ రెంటిలో ఏదో ఒకటేనని నాకు తెలిసి కూడా!

రిలేలు తీసేశాను. బంపర్ బోల్టుల కిందే రేకు పట్టీలు బిగించి రెండు చిన్న ఆరెంజ్ లైట్లు వేలాడదీస్తున్నాను, బాడీకి ఒక్క కన్నం కూడా లేదు. పైగా మూడో బ్రేక్ లైటు కూడా పెడతాను. ఫ్లాషర్ మీద 2×21 వాట్లు అని ఉంది, ఇన్నాళ్లూ ముందు ఒక్క బల్బే ఉండటంతో సరిగ్గా కొట్టుకునేది కాదు. అదే ఉంచొచ్చా?

వైరుచుట్ట:
ఉంచండి అన్నా. ముందొకటి వెనకొకటి కలిపి 42 వాట్లు, 12 వోల్టుల మీద మూడున్నర ఆంపియర్లు. ఆ ఫ్లాషర్ చేసిందే దానికి. గడియారం పెట్టుకుని లెక్కపెట్టండి, నిమిషానికి 60 నుంచి 120 మధ్య కొట్టుకుంటే సరిగ్గా ఉన్నట్టే. కొత్త లైట్ల ఎర్త్ మాత్రం బంపర్‌ని నమ్ముకోకండి, విడిగా వైరు లాగి బాడీకి బిగించండి.