రుద్రదేవ మహారాజులు: ఆడమనిషిని 'మహారాజు' అనడం తప్పా?

గ్రూపులో నిన్న వచ్చిన ప్రశ్న: "రుద్రమదేవిని శాసనాల్లో 'రుద్రదేవ మహారాజు' అని రాశారట. ఆడమనిషి కదా, 'మహారాణి' అనాలి. శాసనం చెక్కినవాళ్లకి వ్యాకరణం రాదా?"

వాళ్లకి వ్యాకరణం బాగానే వచ్చు. నన్నడిగితే ఆమె విషయంలో మహారాణి అన్న మాటే సరిగ్గా అతకదు.

'రాణి' సంస్కృతం 'రాజ్ఞి' నుంచి ప్రాకృతం మీదుగా మనకొచ్చింది. ఏలే స్త్రీ అన్న అర్థం దానికి లేకపోలేదు. కానీ వాడుకలో ముందు తట్టేది రాజుగారి భార్యే. పట్టపురాణి అంటే రాజు భార్యల్లో పెద్దావిడ, అంతేగానీ రాజ్యం నడిపే మనిషి కాదు. దొరసాని సంగతీ ఇంచుమించు అంతే. రుద్రమ మాత్రం ఎవరి భార్యగానూ గద్దె ఎక్కలేదు. గణపతిదేవుడి కూతురిగా, ఆయన వారసురాలిగా ఎక్కింది. ఆమె భర్త నిడదవోలు చాళుక్య వీరభద్రుడు. ఆయన ఏనాడూ కాకతీయ సింహాసనం మీద కూర్చోలేదు. తండ్రి బతికుండగానే ఆమె పాలనలో పాలుపంచుకుంది. ఆ తర్వాత 1262 నుంచి 1289 దాకా ఓరుగల్లును సొంతంగా ఏలింది.

'రాణి' మాట మనుషుల్ని ఎలా దారి తప్పిస్తుందో చూడండి. 13వ శతాబ్దం చివర్లో మన తీరం మీదుగా వెళ్లిన మార్కో పోలో మోటుపల్లి రాజ్యం గురించి రాస్తూ, దాన్ని ఒక రాణి ఏలుతోందని, చాలా తెలివైనదని, న్యాయంగా పాలిస్తుందని మెచ్చుకున్నాడు. అయితే భర్త అయిన రాజు చనిపోయాక నలభై ఏళ్లుగా ఆమె రాజ్యం చూసుకుంటోందని కూడా రాశాడు. రాణి ఏలుతోందంటే రాజుగారి విధవ అయ్యుంటుందని ఆయనకి అనిపించింది, కూతురై ఉండొచ్చని తట్టలేదు. ఆయన్ని తప్పుపట్టలేం. మనవాళ్లలోనూ ఆమెను గణపతిదేవుడి భార్య అనుకున్నవాళ్లు ఉన్నారు.

ఇక వ్యాకరణం. నాకు ఎక్కువ ఇష్టమైన భాగం ఇదే. ఆ కాలం తెలుగు శాసనాల్లో పాలకుడి ప్రస్తావన దాదాపు ఒకే మూసలో ఉంటుంది: ఫలానా మహారాజులు పృథ్వీరాజ్యంబు సేయుచుండంగాను, ఫలానా ఆయన ఫలానా దేవుడికి ఈ భూమి ఇచ్చెను. ఇందులో 'మహారాజులు' గౌరవ బహువచనం, దానికి ఆడా మగా తేడా లేదు. 'సేయుచుండంగాను' అసమాపక క్రియ, దానికీ లేదు. 'చేసెను' దగ్గర కూడా పాత తెలుగు ఆడా మగా చూడదు. 'వచ్చాడు', 'వచ్చింది' అని విడగొట్టే మన ఇప్పటి వాడుకలో అయితే గుట్టు వెంటనే బయటపడేది. అందుకే 'రుద్రదేవ మహారాజులు' అని చెక్కిన రాయిని చూసి పాలించింది స్త్రీయో పురుషుడో వాక్యాన్ని బట్టి చెప్పలేం. పైగా ఆ పేరు ఒక్కరిది కాదు. 1163లో వేయిస్తంభాల గుడి కట్టించిన రుద్రదేవుడు ఆమెకు ముందు తరాలవాడు, ఆమె తర్వాత వచ్చిన మనవడు ప్రతాపరుద్రుడు. కాబట్టి ఎవరి శాసనమో తేల్చడానికి శకసంవత్సరం చూసుకోవాల్సిందే.

దీని కింద ఒక సభ్యురాలు అడిగారు: "అంటే మగపేరు వెనక దాక్కుని పాలించిందనే కదా? ఇందులో గొప్పేముంది?"

దాక్కోవడం అనే మాట నేను ఒప్పుకోను. ఆమె స్త్రీ అన్న సంగతి సామంతులకి తెలుసు, శత్రువులకి తెలుసు. ఆమె పాలనను ఒప్పుకోలేక ఎదురు తిరిగినవాళ్లూ ఉన్నారు. దండెత్తి వచ్చిన దేవగిరి యాదవ మహాదేవుణ్ణి ఆమె సేనలు వెనక్కి తరిమాయి. మహారాజు అన్నది ఆమె వేసుకున్న మారువేషం కాదు, ఆమె చేసిన పదవి పేరు. శాసనాల్లో ఆ పదవికి వాడే బిరుదు అదే, అందుకని ఆమె దాన్నే తీసుకుంది.

ఆమె సొంత పేరు చెరిగిపోలేదు కూడా. నల్గొండ జిల్లా చందుపట్లలో 1289 నాటి చిన్న శాసనం ఒకటుంది. పువ్వుల ముమ్మడి అనే బంటు వేయించింది. కాకతి రుద్రమదేవికి, తన ఏలిక, ఆమె సేనాని అయిన మల్లికార్జున నాయకుడికి శివలోకప్రాప్తి కలగాలని అక్కడి సోమనాథ దేవుడికి భూమి ఇచ్చాడు. తిరగబడ్డ కాయస్థ వంశపు సామంతుడు అంబదేవుడితో జరిగిన పోరులో ఇద్దరూ పోయారని చరిత్రకారులు చాలామంది అనుకోవడానికి ఆధారం ఈ రాయే. రాయించింది పండితుడూ కాదు, మంత్రీ కాదు. చివరిదాకా వెంట ఉన్న సైన్యంలో మనిషి. ఆయన ఆమెను పిలిచింది రుద్రమదేవి అనే. దొర కంటే ముందు ఆమె పేరు పెట్టించాడు. ఈ శాసనం చదివిన ప్రతిసారీ నాకు గుండె బరువెక్కుతుంది.

ఇంకొకరు "వేరే దేశాల్లో ఇలా ఉందా?" అన్నారు. ఉంది. రుద్రమకు కొన్నేళ్ల ముందే, 1236 నుంచి 1240 దాకా ఢిల్లీని ఏలిన రజియా నాణేల మీద 'సుల్తాన్' అని వేయించుకుంది. పోలండ్‌లో యాద్విగాకు 1384లో కిరీటం పెట్టింది రాజు హోదాలోనే, రాజు భార్య హోదాలో కాదు. నాకు నచ్చింది మాత్రం జార్జియా. అక్కడ 1184 నుంచి 1213 దాకా ఏలిన తమార్‌ని 'మెపె' అన్నారు. ఏలేవారు ఎవరైనా ఆ భాషలో మెపేనే, స్త్రీకి వేరే మాట వెతుక్కోవాల్సిన పని పడలేదు.

మనకీ అలాంటిదొకటి ఉంది: పైన ముమ్మడి విషయంలో నేను వాడిన 'ఏలిక'. ఏలు ధాతువు నుంచి వచ్చిన అచ్చ తెలుగు మాట, ఆడవారికీ మగవారికీ సరిపోతుంది. స్త్రీ అని స్పష్టంగా చెప్పాలంటే 'ఏలికసాని' ఉంది. 'సాని' ఇవాళ ఎంత దిగజారినా మొదట 'స్వామిని' నుంచి వచ్చిన గౌరవపదమే.

అసలు ప్రశ్న వేసినవారు పిల్లల పాఠం కోసం అడిగారు కాబట్టి నా సలహా: "రాణి రుద్రమ" అని మొదలుపెట్టకండి. "కాకతీయ రాజ్యాన్ని ఏలిన రుద్రమదేవి, శాసనాల్లో రుద్రదేవ మహారాజు" అని రాయండి. రెండు పేర్లూ ఎందుకున్నాయని పిల్లలు అడుగుతారు. అప్పుడు చందుపట్ల శాసనం చదివి వినిపించండి.