డెమసోని చేప మేత నమిలి ఉమ్మేస్తోంది, మలం తెల్లటి దారంలా వస్తోంది. ఏ మందు వేయాలి?

ప్రశ్న (గుంటూరు, బ్రాడీపేట)

నమస్తే అండి. మా 200 లీటర్ల తొట్టిలో మలావీ సరస్సు చేపలున్నాయి: డెమసోనిలు, ఎల్లో ల్యాబ్‌లు. డెమసోనిల్లో ఒకటి కొద్ది రోజులుగా ఫిల్టరు వెనక మూలలో కదలకుండా ఉంటోంది. మేత వేయగానే అన్నిటికంటే ముందు ఉరికే చేప ఇది. ఇప్పుడు ఆలస్యంగా వచ్చి, గుళిక నోట పట్టి, రెండు మూడు సార్లు నమిలి ఉమ్మేస్తోంది. వెనక తెల్లటి సన్నని దారం వేలాడుతోంది. పొట్ట కాస్త ఉబ్బింది, పొలుసులు మాత్రం లేవలేదు. రోజూ గుళికలు, మధ్యమధ్య బ్లడ్ వార్మ్స్ (ఎర్ర పురుగుల మేత) వేస్తాం. ఎల్లో ల్యాబ్‌లు బాగానే ఉన్నాయి. దుకాణంలో మిథిలీన్ బ్లూ వేయమన్నారు. వేయవచ్చా? మా అమ్మాయికి ఈ చేపంటే ప్రాణం.

జవాబు 1

రెండు రోజులు పస్తు ఉంచి, ఉడికించి తొక్క తీసిన బఠాణీ పెట్టండి. మా ఫ్లవర్‌హార్న్‌కు అలాగే తగ్గింది.

జవాబు 2 (విజయవాడ, పటమట)

బఠాణీ మలబద్ధకానికి పనికొస్తుంది, అదీ తింటున్న చేపకు. ఉమ్మేసే చేపకు ఏం పెడతాం? మిథిలీన్ బ్లూ అసలు వద్దు. అది పేగు దాకా పోదు, పైగా ఫిల్టరులోని మంచి బాక్టీరియాను దెబ్బ తీస్తుంది.

తెల్ల మలం ఒక్కటే అయితే కంగారు పడక్కర్లేదు. పస్తున్న చేపకూ పేగులోని జిగురు అలాగే దిగుతుంది. ఉమ్మేయడం, మూలన చేరడం కూడా తోడయ్యాయంటే మాత్రం అది మలావీ బ్లోట్ (ఈ సరస్సు చేపలకు వచ్చే పొట్ట ఉబ్బు జబ్బు) అనుకుని వెంటనే కదలాలి. పొలుసులు లేచాక దక్కేవి తక్కువ. మీకు ఇంకా సమయం ఉంది.

ల్యాబ్‌లు ఎందుకు బాగున్నాయంటే, అవి సరస్సులో రాళ్ల సందుల్లోని పురుగులను ఏరుకు తినే చేపలు. డెమసోని టాంజానియా వైపు పొంబో రాళ్ల దగ్గరి చేప, రాళ్ల మీది నాచు గీక్కుని తింటుంది, దాని పేగు పొడవు. బ్లడ్ వార్మ్స్ దానికి పడవు. పేగులో కొద్దిగా ఉండే ఏకకణ పరాన్నజీవులు ఇలాంటి మేత వల్లా, తోటి చేపలు తరమడం వల్లా, నీళ్లు చెడడం వల్లా పెచ్చుమీరతాయని చాలామంది పెంపకందార్ల అభిప్రాయం. నాదీ అదే.

మందు మెట్రోనిడజోల్. పశువైద్యుడితో చీటీ రాయించుకోండి. చేపను వేరే తొట్టిలోకి మార్చి, 60 లీటర్లకు 400 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి చొప్పున మెత్తగా నూరి, గోరువెచ్చని నీళ్లలో కలిపి పోయండి. రోజు విడిచి రోజు, పావు వంతు నీళ్లు మార్చాకే తర్వాతి మోతాదు. మూడు నాలుగు విడతలు వేయాలి. ఫిల్టరులో బొగ్గు ఉంటే తీసేయండి, లేకపోతే మందంతా అదే పీల్చేస్తుంది. వాపు దిగడానికి 20 లీటర్లకు ఒక టీస్పూను ఎప్సం సాల్ట్ కలపండి. వంటింటి ఉప్పు కాదు. తర్వాత నీళ్లు మార్చినప్పుడు కొత్తగా పోసిన నీళ్లకే ఈ ఎప్సం సాల్ట్ కలపాలి.

వేడి పెంచమని ఎవరైనా చెబితే వినకండి. మన ఎండలకు నీళ్లు ఎలాగూ వేడెక్కుతాయి. వేడెక్కితే ఆక్సిజన్ తగ్గుతుంది. ఎయిర్ పంపు ఇంకొకటి పెట్టండి.

జవాబు 3

రొయ్యల చెరువుల వైపు పనిచేస్తాను కనుక ఒక మాట. రొయ్యల్లో తెల్ల మలం అంటే మేం మొదట అనుమానించేది ఈహెచ్‌పీ అనే పరాన్నజీవిని. అది వేరే జబ్బు, ఆ మందులు తెచ్చి దీనికి వేయకండి. మనుషులు తినే చేపల, రొయ్యల పెంపకంలో మెట్రోనిడజోల్ నిషేధం. మందు కలిపిన నీళ్లు కాలువలోనో చెరువులోనో పారబోయకండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. చీటీ రాయించాం, చేపను వేరు చేశాం, మొదటి మోతాదు పడింది. ఇంకా తినడం లేదు. ఈ ఉదయం పెద్ద తొట్టిలో మరో డెమసోని కూడా గుళిక ఉమ్మేసింది.

జవాబు 2 (విజయవాడ, పటమట)

అయితే ఇక విడిగా వద్దు, తొట్టి మొత్తానికీ వేయండి. రాళ్లు, ఇసుక పోను నీళ్లు 180 లీటర్లకు మించవు, మూడు మాత్రలు చాలు. మొదటి చేపను ఉన్నచోటే ఉంచండి, నీరసంగా తిరిగొస్తే మిగతావి తరిమి కొడతాయి. పెద్ద తొట్టికి మూడు రోజులు మేత ఆపండి. తర్వాత స్పైరులినా (నాచు) గుళికలే, అదీ అర నిమిషంలో అయిపోయేంత. అమ్మాయికి చెప్పండి, ఆకలికి ఈ చేపలు చావవు.